పై పోర్షన్ మొగిలయ్య

“ఇంటి సంగతి ఓనర్ను అడిగితే ఏం ఫాయిదా అన్నా? కిరాయికున్నోళ్ళనే అడుగుత,” అంటూ, ఇల్లు చూడవచ్చిన తారామణి మెట్లెక్కసాగింది.

ఇంటి ఓనరు బాలనర్సింహ ముఖం మీద నవ్వు చెదరనివ్వలేదు. ఉప్పల్‌లో పుట్టి పెరిగినవాడు. తాతల నాటి పొలాలు ప్లాట్లయ్యాక ఇళ్ళు కట్టి, కిరాయిలకిచ్చి బతుకుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఇల్లు కొనాలన్నా అమ్మాలన్నా అందరూ ఆయన సలహాకే వచ్చేవారు.

“గోడల రంగు సూడకుర్రి, బస్ స్టాపు ఎంత దూరమో సూడుర్రి. ఖాళీ ఇల్లు అమ్మకానికి పెట్టకుర్రి, కిరాయిదార్లున్న ఇంటికే గిరాకీ,” అని చెప్పేవాడు.

ఇప్పుడు ఆ సలహా తనకే అవసరమైంది. చెంగిచెర్లలో చవగ్గా వస్తోందని ఓ జాగాకు బయానా ఇచ్చేశాడు. గడువు దగ్గరపడింది. ఈ నాచారం ఇల్లు అమ్ముడుపోకపోతే జాగా రాదు, బయానా తిరిగి రాదు.

అందుకే పై పోర్షన్ మొగిలయ్యకు పొద్దున్నే చెప్పిపెట్టాడు. మొగిలయ్య దగ్గర్లోనే మందుల కంపెనీలో పనిచేస్తాడు. రాకపోకలు కష్టమని సంసారాన్ని అన్నోజిగూడలోనే ఉంచి, నిరుడు వానల ముందు ఒక్కడే వచ్చి దిగాడు. నల్లా కారితే తానే బాగుచేసుకునే మనిషి. గొడవలకు పోడు.

“ఇల్లు సూసెతందుకు ఘట్‌కేసర్ దిక్కు నుంచి ఒకామె వస్తది మొగిలయ్యా. అంతా మంచిగుందని ఒక్క మాట జెప్పు, సాలు.”

“ఉన్నదే జెప్త అన్నా.”

దాన్ని ఒప్పుకోలుగానే లెక్క వేసుకున్నాడు బాలనర్సింహ.

మొగిలయ్య తలుపు తీశాడు. తారామణి గడప దగ్గరే నిలబడి అడిగింది.

“ఎండకాలం బోర్ల నీళ్ళుంటయా?”

“తగ్గుతయి. ట్యాంకర్ తెప్పించుకోవాలె.”

“వానలు పడితే?”

“వంటింటి మూల కురుస్తది. స్లాబు పగిలింది.”

“మరి ఓనరు?”

“కిరాయికి టైముకొస్తడు. స్లాబు సంగతి ఎత్తితే సూద్దాం అంటడు.”

బాలనర్సింహ చెవులు ఎర్రబడ్డాయి. “మంచి సంగతులు ఒక్కటి గూడ లెవ్వా మొగిలయ్యా?” అన్నాడు పళ్ళ బిగువున.

“ఎందుకు లెవ్వన్నా? పునాది గట్టిది. గాలి మస్తు. కంపెనీలు దగ్గర గాబట్టి కింది పోర్షన్ ఖాళీ అయితే ఎంటనే నిండుతది. ఇల్లు మంచిదే. సూసుకునేటోళ్ళు గావాలె.”

తారామణి వంటింట్లోకి తొంగిచూసి వచ్చింది. “స్లాబు చేపియ్యాలె, బోరు ఇంక లోతు దించాలె. ధర తగ్గిస్తె మాట్లాడుకుందాం.”

“గాయన మాటలు పట్టుకుంటవేందమ్మా! కిరాయిదార్లు గట్లనే అంటరు.”

“ఆయన అబద్ధమాడే మనిషి గాదు,” అంది తారామణి. “అన్నా, ఇల్లు కొనేముందు ఒక వానకాలం, ఒక ఎండకాలం సూడాలె.”

“గన్ని దినాలు ఎవలాగుతరమ్మా?” అని నవ్వేశాడు బాలనర్సింహ. కానీ బేరంలో ఆ నవ్వు నిలవలేదు. ఆమె గొంతు పెంచలేదు, పట్టు విడవలేదు. గడువు గుర్తొచ్చి ఆయనే దిగివచ్చాడు.

ఆమె అటు వెళ్ళగానే మొగిలయ్య మీద విరుచుకుపడ్డాడు.

“నా కొంప ముంచితివి గదనే!”

“ఉన్నదే జెప్త అని ముందుగాలనే అన్న గదన్నా.”

“రేపు ఆమె నిన్నే ఎల్లగొడ్తది సూడు, అప్పుడు తెలుస్తది!”

మొగిలయ్య లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

కోపంతోనే డాబా ఎక్కాడు బాలనర్సింహ. ఇల్లు కట్టాక మళ్ళీ అక్కడికి ఎప్పుడెక్కాడో గుర్తులేదు. వంటింటి మీద స్లాబు వేలు దూరేంత పగిలి ఉంది. పగులు నిండా గడ్డి మొలిచింది. వంగి కొంత గడ్డి పీకాడు. దిగివచ్చేటప్పటికి కోపం సగం చల్లారింది. మొగిలయ్య గది ముందు నుంచి వెళ్తూ తల వంచుకున్నాడు.

రిజిస్ట్రేషన్ రోజున కాగితాలు రాసే ఆయన ఇంకా రాలేదు. ఆఫీసు ఎదుట చాయ్ హోటల్లో ఇద్దరూ కూర్చున్నారు. చాయ్ డబ్బులు తారామణే ఇచ్చింది. బాలనర్సింహ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

“ఏందన్నా, మనసున వడ్తలేదా?”

“గట్లేం లేదు. ఇల్లు నాకన్న నువ్వే మంచిగ సూసుకుంటవు. ఒక్క మాట అడగాలె.”

“అడుగన్నా.”

“కొత్త ఓనర్లు రాంగనే పాత కిరాయిదార్లను ఖాళీ చేపిస్తరు, కిరాయి పెంచెతందుకు. ఎంతమందికి నేనే గా సలహా జెప్పిన్నో! గని గా మొగిలయ్యను మాత్రం ఉంచు తల్లీ. ఆయన మీద ఒర్రిన గని, నిజం జెప్పే మనిషి మల్ల దొర్కడు. ఎల్లగొట్టనని మాటియ్యి.”

తారామణి గ్లాసు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, నవ్వింది.

“మా ఆయనను నేనెందుకు ఎల్లగొడ్త అన్నా?”