పొడి ఎవరు తిన్నారు?

షెడ్డు తలుపు తీయగానే నెత్తుటి వాసన గుప్పుమంది.

ఊక మీద ఎక్కడికక్కడ కోళ్లు చచ్చిపడున్నాయి. బతికినవైనా ఊరుకున్నాయా? ఒకదాని తోక కింద ఒకటి పొడుస్తున్నాయి. తెల్లటి ఈకలు ఎర్రగా అట్టలు కట్టాయి. ఒక కోడి పక్కదాని పేగు పట్టుకుని లాగుతుంటే, దానికోసం మరో రెండు కొట్టుకు చస్తున్నాయి.

ఫారం యజమానికి ఒళ్లు మండిపోయింది. ఆయనకు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదు లెండి. పనివాళ్లు చాటుగా 'అగ్గిపెట్టె' అని ఊరికే అన్నారా? ఉప్పు తక్కువైతే కంచం గోడకి. ఎదురుచెబితే బెల్టు భార్య వీపుకి.

కానీ ఇవాళ కారణం ఉంది. రేపు పొద్దున్నే లారీ వస్తుంది. చిరిగిన కోడిని వ్యాపారి ముట్టుకోడు. ఈ బ్యాచ్ పోతే ఫారానికి తాళం పడ్డట్టే.

అందుకే కదా కిందటి నెల కోళ్ల డాక్టర్ని పిలిపించింది! ఆయన వరండాలో కూర్చుని, ఇల్లాలు అందించిన టీ తాగుతూ గులాబీరంగు పొడి ఉన్న డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.

"పేగులకు మంచిదండీ. తిన్నది ఒంటబడుతుంది, బరువు పెరుగుతుంది. కడుపు చల్లబడితే కోపమూ చల్లబడుతుంది. పొడుచుకోవడం వాటంతటవే మానేస్తాయి. బస్తా దాణాకి ఒక్క చెంచా చాలు."

యజమాని ఆ డబ్బా తన బామ్మర్ది చేతికిచ్చాడు. దాణా కలిపేది వాడే మరి.

యజమాని గబగబా దాణా గదిలోకి నడిచాడు. కలిపి ఉంచిన దాణాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవాడు. గులాబీరంగు నలుసంత కూడా లేదు. అరమీద డబ్బా మూత ఊడబెరికాడు. నిండా మొక్కజొన్న పిండి!

"ఒరేయ్!"

బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే చెంప పగిలింది.

"నా పొడి ఎవడు తిన్నాడ్రా?"

"నేను తినలేదు బావా."

"మరి గాలికి పోయిందా? పక్క ఫారం వాడికి అమ్ముకున్నావు కదూ!"

"అక్క మీద ఒట్టు. నేను రూపాయి కూడా తినలేదు."

ఇంకో దెబ్బకి పెదవి చిట్లింది. వాడు బస్తాల మీద పడ్డాడు. యజమాని వాడి డొక్కలో తన్నాడు. ఈ మధ్య బాగా ఒళ్లు చేశాడేమో, కాలు ఎత్తినప్పుడు చొక్కా గుండీ టప్పున తెగి ఎగిరింది. ఆ గుండీ కోపం కూడా వాడి మీదే తీర్చుకున్నాడు. డొక్కలో ఏదో పుటుక్కుమంది. వాడు గిలగిల్లాడాడు.

కేకలు విని ఇల్లాలు వంటింట్లోంచి గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏవండీ! చచ్చిపోతాడండీ! తల్లిలేని పిల్లాడు!"

"చావనీ! అక్కడ నా కోళ్లు చావట్లేదూ? తిండి పెట్టిన చెయ్యే కరుస్తాడా వీడు?"

ఆమె అడ్డం పడింది. జుట్టు పట్టుకుని అవతలకి విసిరేశాడు. ఆమె తల దాణా కలిపే మిక్సరుకు కొట్టుకుంది.

బామ్మర్ది నెత్తురు ఉమ్మి, అక్క వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

అది యజమాని కంట పడింది. "ఓహో! అక్కాతమ్ముళ్లు కూడబలుక్కున్నారన్నమాట!"

మూలనున్న పార అందుకున్నాడు. రెండు చేతులా తల మీదికి ఎత్తాడు.

"ఆఖరిసారి అడుగుతున్నా. నా పొడి తింటున్నది ఎవడు?"

బామ్మర్ది కళ్లు మూసుకున్నాడు. పార కిందికి దిగబోయింది.

"మీరే!" అని అరిచింది ఆమె, నుదుటి నెత్తురు తుడుచుకుంటూ. "డాక్టరుగారు చెప్పిన రోజు నుంచీ చెంచాలకు చెంచాలు మీ కూరలోనే కలుపుతున్నానండీ!"