తీతువు కాళ్ళు

అడవి మధ్య బోడినేల మీద తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. ఆకాశం ఎక్కడ విరిగి పడుతుందోనని, పడితే ఆపాలని రోజూ కాళ్ళు పైకెత్తి పడుకునేది. కాకి చూసి నవ్వేది.

ఒకరోజు పైనుంచి ఒక యుద్ధవిమానం సరిగ్గా ఆ గుడ్ల మీదికే నిట్టనిలువునా దిగసాగింది. కాకి పారిపోయింది. తీతువు కాళ్ళెత్తి అలాగే పడుకుంది.

"తప్పుకో పిట్టా! నేనెవరనుకున్నావు? ఏ రాడారుకూ చిక్కను. రన్‌వే అక్కర్లేదు, ఎక్కడైనా దిగగలను," అని గర్జించింది విమానం.

"అయితే అక్కడ దిగు," అంటూ తీతువు కాలితో పక్కకు చూపించింది.

విమానం గాల్లోనే ఆగింది. వెళ్ళి అక్కడే దిగింది.

"ఆకాశం పెద్ద బరువేం లేదు బావా," అంది తీతువు, తిరిగొచ్చిన కాకితో.

ఆనాటి నుంచి కాకీ ఒక కాలు పైకెత్తే పడుకుంటోంది.