రేవులో హాజరు

డిజిటల్ కాయిన్ల కంపెనీకి ఆ ద్వీపం లైసెన్సు ఇవ్వాలంటే షరతు ఒక్కటే: కంపెనీ తరఫున పూచీపడే మనిషి ఒకరు ఎప్పుడూ ఆ నేల మీదే ఉండాలి. ఉద్దానం నుంచి వచ్చిన దండాసి ఉద్యోగం అదే. కంపెనీ చేతికి కట్టిన మాట్లాడే పట్టీ "ఉన్నావా?" అని అడిగినప్పుడల్లా, అన్నం కలుపుతున్నా సరే, "ఉన్నాను" అనాలి. అతను ద్వీపం దాటాడా, లైసెన్సు రద్దవుతుంది, కాయిన్లన్నీ ఎందుకూ కొరగాకుండా పోతాయి. అతని మాట నమ్మి ఊళ్లో సగంమంది జీడితోటలు అమ్మి ఆ కాయిన్లే కొన్నారు.

తుఫాను ముంచుకొస్తోందని ఓడ వచ్చింది. దండాసి మూట నెత్తిన పెట్టుకుని భార్య గున్నమ్మను రేవుకు తీసుకొచ్చాడు.

"నువ్వెల్లిపోవే. నానొచ్చీనానంటే ఊరోల్ల బతుకులు గంగలో కలిసిపోతాయి."

"నానూ ఎల్లలేను మావా." గున్నమ్మ రొంటిన దోపుకున్న పట్టీ తీసి చూపించింది. "ఇది ఏరే కంపెనీది. తిడతావని సెప్పనేదు. మా కన్నోరంతా ఇందులోనే ఎట్టినారు."

కోళ్లకు మేత వెయ్యాలంటూ ఆమె మాటిమాటికీ పెరట్లోకి ఎందుకు పరుగెత్తేదో దండాసికి అప్పుడర్థమైంది.

చుట్టూ చూశాడు. రేవు నిండా జనం. ప్రతివాళ్లూ పక్కవాళ్లను ఓడెక్కమని బతిమాలుతున్నారు. ఎక్కేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఓడ కూత వేసి, ఖాళీగా కదిలిపోయింది.

గాలి హోరులో పట్టీలన్నీ ఒక్కసారే అడిగాయి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, రేవు రేవంతా "ఉన్నాను" అంది.