కొలత లేని ఇల్లు

అద్దాల దస్తగిరి టేపు పట్టుకొని వచ్చేసరికి సుభాషిణి పప్పుకి పోపు పెడుతోంది. వాన సూచనలా అల్లర్ల సూచన వచ్చిన వీధుల్లో, పగలబోయే కిటికీలకు ముందే కొలతలు తీసుకోవడం మామూలై ఆరేళ్ళయింది. ఆ సూచన ఇంతవరకూ తప్పలేదు.

"ఎప్పుడట బాబూ?"

"సాయంత్రం ఐదున్నరకమ్మా. పిల్లల్ని వెనక గదిలో ఉంచండి. రేపు పదింటికల్లా కొత్తవి బిగించేస్తా."

కాఫీ తాగి, కొలతలు రాసుకొని, పక్కింటి గేటు ముందు ఆగకుండా అవతలి ఇంటికి వెళ్ళాడతను. కొలత లేని ఇంటి నుంచే రాళ్ళు వస్తాయని వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కాసేపటికి పక్కింటి రాజ్యలక్ష్మి తన గిన్నె కోసం వచ్చింది. నిన్న అందులో గోంగూర పచ్చడి పంపింది. పదహారేళ్ళుగా ఆ రెండిళ్ళ మధ్య ఏ గిన్నే ఖాళీగా తిరిగి వెళ్ళలేదు. ఏమీ లేనినాడు చారెడు పంచదారైనా ఉండేది.

"దస్తగిరి మీ ఇంటికి రాలేదేం అక్కా?" అంది సుభాషిణి, గరిటెతో పప్పు తీస్తూ.

రాజ్యలక్ష్మి ముఖం పాలిపోయింది.

"నాకేం తెలుసే సుభా? మావాడింకా నిద్రే లేవలేదు. ఒట్టు."

సుభాషిణి గరిటెను గిన్నెలోకి వంచలేదు. పప్పు తపేలాలోకే జారిపోయింది.

రాజ్యలక్ష్మి తలవంచుకొని గేటు దాటింది. అప్పుడే నిద్రలేచి అరుగు మీదికి వచ్చిన ఆమె కొడుకు, తల్లి కళ్ళల్లో నీళ్ళు చూశాడు. ఆ తర్వాత ఆమె చేతిలోని ఖాళీ గిన్నె చూశాడు.