ఉప్పు లేని ముద్ద

“మళ్లీ అడుగుతున్నా బాబాయ్. మూడు రోజులుగా నీళ్లలాంటివి తప్ప గొంతు దిగిందేమీ లేదు కదా?”

ఆసుపత్రి మంచం మీద కూర్చున్న వడ్రంగి నర్సుకేసి చూసి లేదన్నట్టు తలూపాడు. రంపం పట్టే చేతులతో మంచం అంచు గట్టిగా పట్టుకున్నాడు.

అతని అన్నవాహిక అడుగున కండరం బిగుసుకుపోయింది. తిన్నది కడుపులోకి దిగదు, పైనే నిలిచిపోతుంది. ఇవాళ నోట్లోంచి కెమెరా గొట్టం పంపి ఆ కండరాన్ని కోస్తారు.

“అంత గుచ్చి గుచ్చి అడుగుతావేంటమ్మా?”

“మత్తిచ్చాక లోపల నిలిచింది పైకి తన్నిందంటే ఊపిరితిత్తుల్లో పడుతుంది. ఒక్క ముద్ద చాలు, మనిషి దక్కడు,” అంది నర్సు.

అతను చూపు పక్కకి తిప్పుకున్నాడు.

గోడ పక్క కుర్చీలో అతని భార్య ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది. కాళ్లకి రెండు రకాల చెప్పులు.

“బస్సు ఎన్నింటికమ్మా?” అంది.

“ఇందాకే చెప్పాగా పిన్నీ, ఇదయ్యాకే వెళ్లడం. ఏం తొందర! కాస్త బయట కూర్చోండి.”

“వద్దు వద్దు!” వడ్రంగి గాభరాగా లేచాడు. “నాకు కనబడేలా ఇక్కడే ఉండనీ.”

“అబ్బో, కొత్త పెళ్లికొడుకు!”

డాక్టరు వచ్చాడు. మత్తు మాస్కు ముక్కు దాకా వచ్చింది. వడ్రంగి భార్యకేసి చూశాడు. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. నేను పోతే ఈవిడ గతేంటి? మాస్కు తోసేశాడు.

“ఆగండి! తిన్నాను. పొద్దున. అన్నం.”

డాక్టరు మాస్కు పక్కన పెట్టించాడు.

“ముందు కడగాలి. కూర్చోబెట్టండి.”

మెలకువగా ఉండగానే లావుపాటి గొట్టం దించారు. ఊపిరాడక అతను కాళ్లు కొట్టుకున్నాడు. నీళ్లు పోశారు, లాగారు. మెతుకులే మెతుకులు. నీళ్లు తేటగా వచ్చేదాకా వదల్లేదు. డాక్టరు కెమెరా దించి చూశాడు.

“శుభ్రమైంది. కిందికి ఒక్క మెతుకూ దిగలేదు. మొదలుపెడదాం.”

నర్సు అతని మూతి తుడుస్తూ కసిరింది. “చావాలనుందా బాబాయ్? ఎవరు పెట్టారు? పిన్నేనా?”

“దాన్నేమీ అనకమ్మా.”

“నోట్లో పెట్టినా ఉమ్మెయ్యొచ్చుగా! అంత కమ్మగా ఉందా?”

“ఉప్పే లేదు.”

నర్సుకి కోపంలోనూ నవ్వొచ్చింది. “మరి వద్దనడానికేం?”

మాస్కు మళ్లీ దగ్గరికొచ్చింది. అతను భార్య మీంచి చూపు తిప్పలేదు.

“రెండేళ్లకి ఇవాళే నన్ను గుర్తుపట్టిందమ్మా.”