వంక పెట్టినోడే కొంటడు

"పాదం చూడండి, అడుగున గుంటే లేదు. ఇట్లాంటి కాళ్లతో ఎంత దూరం ఉరుకుతది ఈ పిల్ల?" అన్నాడు సతీష్ సార్, భాను మడమ దగ్గర్నుంచి టేపు తీస్తూ.

ఆయన ఖమ్మంలో ఒక ఇంటర్ కాలేజీకి బాస్కెట్‌బాల్ కోచ్. ఆటల కోటాలో ఒకే ఒక్క సీటు, హాస్టల్‌తో సహా ఉచితం. దానికి తగిన పిల్లను ఏరడానికి బూర్గంపాడు దాటి అడవి అంచునున్న ఈ హైస్కూలుకు జీపులో వచ్చాడు. పదో తరగతి పరీక్షలు రాసిన వాళ్లలో బంతి పట్టేది ఇద్దరే. ఒకరు రోడ్ల కాంట్రాక్టర్ వెంకటప్పయ్య కూతురు భవాని. రెండోది తండా నుంచి వచ్చే కమ్లి కూతురు భాను. సీటు వస్తే భాను ఖమ్మం పోతుంది. రాకపోతే వచ్చే వారం నుంచి తల్లితో తునికాకు కోతకు పోతుంది.

భాను అయిదడుగుల తొమ్మిదంగుళాలు తేలింది. ఎదగాల్సిందంతా ఎదిగేసింది, ఇక పెరగడానికి ఏముందని సార్ పెదవి విరిచాడు. భవాని అయిదడుగుల ఒక అంగుళం. ఇంకా ఎదిగే వయసండీ అని మురిసిపోయాడు. పదిసార్లు వేస్తే భాను ఏడు బంతులు రింగులో పడేసింది. అది గాలివాటం అన్నాడు. భవాని వేసినవి రెండు పడ్డాయి.

"చెయ్యి తిరిగిన తీరు చూడండి. బంతి పడకపోవడం వేరే సంగతి," అన్నాడు.

వెంకటప్పయ్య చేతులు కట్టుకుని, కూతురి చెయ్యి తిరిగిన తీరును మరోసారి తలచుకుని తృప్తిగా తలూపాడు. వాళ్లింటి వైపు నుంచి నాటుకోడి కూర వాసన వస్తోంది. భాను కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

స్తంభం పక్కన నిలబడ్డ కమ్లి ముఖం మాత్రం గంట గంటకూ వికసిస్తోంది. తండాలో ఎవరు ఎద్దుల్ని అమ్మాలన్నా కమ్లిని వెంటబెట్టుకుని అంగడికి పోతారు. కొమ్ములు భేష్, మూపురం భేష్ అన్నవాడు బీడీ ఆరేలోపు పక్క ఎద్దు దగ్గర ఉంటాడని ఆమెకు తెలుసు. గిట్ట బాగాలేదు, తోక పొట్టి అని పొద్దంతా సతాయించేవాడే చివరికి పగ్గం పట్టుకుని పోతాడు. ఈ సార్ పొద్దుట్నుంచి భానులో తొమ్మిది వంకలు పెట్టాడు. కమ్లి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. భవానిలో ఒక్కటీ పెట్టలేదు. ఇక బేరం ముదిరినట్టే. ముదిరిన బేరంలో ఏం చెయ్యాలో కూడా ఆమెకు తెలుసు.

"పద బిడ్డా. సారుకు మన పిల్ల నచ్చలే," అని భాను సంచి భుజానికి తగిలించింది. "సోమవారం హన్మకొండ సారు మల్లొస్తనన్నడు గదా. గాయనకే ఇద్దాం."

సతీష్ సార్ నోట్లోని ఈల జారి గుండెల మీద పడింది.

"ఏ హన్మకొండ సారు? పోయినేడు ఆటల్లో మమ్మల్ని ఓడించిన కాలేజీయేనా?"

"అవ్, గదే చెప్పిండు. మీలెక్క టేపు తేలే. చూసిండు, ఇంకేం అడగకుండ పోయిండు."

సార్ సెల్‌ఫోన్ పట్టుకుని జెండా గద్దె ఎక్కాడు. చెయ్యి పైకెత్తి నాలుగు దిక్కులకూ తిప్పాడు. సిగ్నల్ అందలేదు. దిగొచ్చి భాను పాదాలు మళ్లీ చూశాడు.

"అడుగు మొత్తం నేలకు ఆనుతోందమ్మా. ఇట్లాంటి పాదాలకే పట్టు ఎక్కువ," అన్నాడు. ఎత్తు దేవుడిచ్చిందన్నాడు. ఏడు బంతులు ఆడుతూ పాడుతూ వేసిందన్నాడు.

కమ్లి గుండెలో రాయి పడింది. పొగుడుతున్నాడంటే పోతున్నాడన్నమాట. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకుంది.

"జల్దీ తేల్చు సారూ. సీటు, హాస్టలు, కాళ్లకు బూట్లు. ఇస్తే ఇప్పుడే కాగితం మీద రాసియ్యి."

"సార్, మరి మా భవాని?" అన్నాడు వెంకటప్పయ్య, ఒకడుగు ముందుకేసి.

"భవానికేమండీ, బంగారం. ఫీజు కట్టి చేర్పించండి," అంటూనే సార్ పొద్దుట్నుంచి ఛాతీకి హత్తుకుని తిరిగిన కాగితాల అట్టను జీపు బానెట్ మీద పెట్టాడు. భాను పేరున్న కాగితం తీసి, ఒక చోట గట్టిగా కొట్టేసి, పైన ఏదో రాసి సంతకం చేశాడు. కాలేజీ ఆఫీసులో ఇది చూపిస్తే చాలని కాగితం భాను చేతిలో పెట్టి, కూర వాసన వస్తున్న వైపు చూడకుండా జీపెక్కాడు.

తండా బాటలో కొంత దూరం పోయాక భాను తల్లిని అడిగింది. "హన్మకొండ సారు ఎప్పుడొచ్చిండు యాడీ?"

"ఎద్దును పట్టుకొని నిలబడ్డప్పుడు ఇంకో బేరగాడు ఎప్పుడూ దారిలనే ఉంటడు బిడ్డా," అని కమ్లి నవ్వింది. "వంక పెట్టినోడే కొంటడు. గాయన కన్ను పొద్దుగాల్నుంచి నీ మీదనే ఉంది. నాకెప్పుడో తెలిసింది."

భాను కాగితాన్ని ఎండకెత్తి పట్టుకుని, కొట్టేసిన అక్షరాలను కూడబలుక్కుంటూ ఆగిపోయింది.

"లేదు యాడీ. 'పనికిరాదు' అని రాసి కొట్టేసిండు. దాని పక్కన తారీఖు నిన్నటిది."