బుధవారం పొట్లం

"రేపటిది కూడా ఇవాళే తినేశారా అత్తయ్యా?" డబ్బా మూత తీసిన కోడలు గొంతు పెంచింది.

అత్తగారికి షుగరు. అందుకే కోడలు రెండేసి బిస్కెట్లుండే చిన్న పొట్లాలు కొనుక్కొచ్చి, వాటి మీద వారాల పేర్లు రాసి పెడుతుంది. ఇవాళ మంగళవారం. డబ్బాలో బుధవారం లేదు.

పెద్దావిడ కుడిచెయ్యి గట్టిగా మూసింది. కోడలు ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పదీసింది. లోపల నలిగిన ఖాళీ కవరు, దాని మీద తన చేతిరాత, బుధవారం.

"పోయిన వారమూ ఇంతే. చెప్తే గోడకి చెప్పినట్టుంది. అడిగితే ఒకటే మౌనం. మీకు మతిమరుపొచ్చిందని డాక్టరుతో చెప్పేస్తాను, ఇక నా వల్ల కాదు."

"చెబుదాం. రేపు ఇద్దరం వెళ్దామమ్మా. నువ్వు కూడా ఒకసారి చూపించుకో."

"నేనెందుకు? నాకేమైంది?"

అత్తగారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఏం లేదులే. నేనే తిన్నాను," అంటూ దగ్గరికి జరిగి, కోడలి పెదవి చివర ఇంకా అంటుకుని ఉన్న బిస్కెట్టు పొడిని బొటనవేలితో మెల్లగా తుడిచింది.